పండగనాటి తూకం

ఆ రోజు పొద్దున తనాసియె వేసిన పథకం చాలా చిన్నది. మర్నాటి బాక్సింగ్ పోటీకి సాయంత్రం నాలుగింటికి క్రీడాభవనంలో తూకం. అప్పటిదాకా శిష్యుడు వుకాషిన్ తన ఇంట్లో వెనక గదిలో పొయ్యి పక్కన మూడు రజాయిల కింద పడుకుని చెమట పట్టించుకోవాలి. తినకూడదు, తాగకూడదు, లేచి తిరగకూడదు. అంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందని తనాసియె అనుకున్నాడు. నలభై ఏళ్లుగా మా ఊరి కుర్రాళ్లకు బాక్సింగ్ నేర్పుతున్న మనిషి. ఎదుటివాడి భుజం కదిలితే ఏ చేయి రాబోతుందో చెప్పగలడు. ఇంటికి జనం వస్తే ఏం జరగబోతుందో మాత్రం చెప్పలేకపోయాడు.

వంటగది నేల మీద పెట్టిన కాటా ఎక్కి వుకాషిన్ ఊపిరి బిగబట్టాడు. ఉండాల్సింది అరవై మూడున్నర కిలోలు. ముల్లు దానికి పావుకిలో అవతల ఆగింది.

"ఊపిరి బిగబడితే తగ్గదురా, వదిలెయ్," అన్నాడు తనాసియె. "పావుకిలో ఎంతలే, మధ్యాహ్నానికల్లా ఉమ్మేస్తావ్."

ఆ మాట ఊరికే అనలేదు. చేతికి ఒక గిన్నె కూడా ఇచ్చాడు. తూకం ముందు నోట్లో ఊరిన ఉమ్ము మింగకుండా గిన్నెలోకి ఉమ్మడం బాక్సర్లకు మామూలే. చూడ్డానికి బాగుండదు గానీ పనిచేస్తుంది.

చిక్కల్లా ఆ రోజు పునీత నికోలా పండగ కావడమే. మా దగ్గర ఒక్కో ఇంటికి ఒక్కో పునీతుడు రక్ష, ఆయన రోజే ఆ ఇంటి పండగ. మొరావా నదికి ఇటూ అటూ మా ఊళ్లో సగం ఇళ్లను కాపాడేది ఆయనే. ఈ పండగకు ఎవరూ ఎవరినీ పిలవరు. ఎవరొచ్చినా కాదనరు. తూకానికి సరిగ్గా ఈ తేదీ పెట్టింది బెల్‌గ్రేడ్‌లోని బాక్సింగ్ సంఘం వాళ్లు. ఆ పెట్టినవాడి ఇంటి పండగ ఏ మే నెలలోనో వస్తుందని, అందుకే వాడికి ఇంత నిశ్చింత అని మా వాళ్ల అనుమానం.

"మరి కొవ్వొత్తి దగ్గర ఎవరు నిలబడతారు?" అంది దెసాంక, వుకాషిన్ తల్లి. చిక్కుడు గింజల కూరకి ఉల్లిపాయలు తరుగుతోంది. ఉపవాసాల కాలం కాబట్టి మాంసం లేదు. ఉల్లిపాయలు మాత్రం ఒక బస్తా ఉన్నాయి.

పండగ కొవ్వొత్తి దగ్గర నిలబడటం యజమాని పని. పండగ రోజు ఇంటి యజమాని కూర్చోకూడదు. వచ్చినవాళ్లు కూర్చుంటారు, తింటారు, తాగుతారు, పాత గొడవలు తవ్వుకుంటారు. యజమాని మాత్రం కొవ్వొత్తి కొండెక్కేదాకా నిలబడే ఉండాలి. ఆ ఇంట్లో వుకాషిన్ తండ్రి రాదోయ్ ముప్పై ఏళ్లు అలా నిలబడ్డాడు. ఏప్రిల్‌లో పోయాడు. యజమానిగా వుకాషిన్‌కు ఇదే తొలి పండగ.

"నేను నిలబడతాలే వదినా," అన్నాడు తనాసియె.

"నువ్వా? మీ ఇంటి పండగ జనవరిలో కదా! మా కొవ్వొత్తి దగ్గర నువ్వు నిలబడ్డమేంటి?"

"నిలబడ్డానికి కాళ్లుంటే చాలదా?"

"మా ఆయన కాలికి కట్టుతో కూడా నిలబడ్డాడు. కాళ్ల సంగతి నాకు చెప్పకు."

"అమ్మా," అన్నాడు వుకాషిన్, "ఫాదర్ వచ్చినప్పుడు నేను లేచొస్తా. రొట్టె నేనే కోస్తా. అప్పటిదాకా బాబాయ్ చూసుకుంటాడు. సరేనా?"

దెసాంక తీపి గోధుమల గిన్నె అందుకుంది. ఉడికించి, నూరి, చక్కెరా అక్రోట్లూ కలిపిన ఆ గోధుమలు ఒక్క చెంచాడు నోట్లో వేసుకోకుండా ఆ రోజు ఆ గడప ఎవరూ దాటరు.

"అయితే ఒక్క చెంచా తిని పడుకో."

"వదినా!" అని అరిచాడు తనాసియె.

"ఒక్క చెంచా! కొవ్వొత్తి వెలిగించిన ఇంట్లో యజమాని ఖాళీ కడుపుతో ఉంటాడా?"

"నువ్వు వీణ్ణి పోటీకి పంపుతున్నావా, పెళ్లికి పంపుతున్నావా?"

చెంచా గిన్నెలోకి తిరిగి వెళ్లింది. దెసాంక ఉల్లిపాయల దగ్గరికి వెళ్లింది. వుకాషిన్ రజాయిల కిందకి వెళ్లాడు.

అక్కడ పడుకుని అతను ఆలోచించిన సంగతి మా ఊళ్లో అప్పటికి ఎవరికీ తెలియదు. మార్చిలో అవతలి ఒడ్డు ఓబ్రెన్‌తో జాతీయ టైటిల్ కోసం తలపడ్డాడు. ఒక జడ్జి ఇతను గెలిచాడన్నాడు. ఇంకొకడు అతను గెలిచాడన్నాడు. మూడోవాడు ఇద్దరూ సమానం అన్నాడు. బెల్టు ఎవరికీ దక్కక బెల్‌గ్రేడ్‌లో బీరువాలోనే ఉండిపోయింది. ఇటు ఒడ్డువాళ్లు మన వుకాషినే గెలిచాడన్నారు. అటు ఒడ్డువాళ్లు మా ఓబ్రెనే అన్నారు. వంతెన దగ్గరి మంగలి దుకాణంలో ఆ మాట ఎత్తితే సగం గడ్డంతో లేచి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. రాదోయ్ అయితే చివరి రోజుల్లో కూడా కొడుకు చేయి పట్టుకుని అదే చెప్పాడు: "నువ్వే గెలిచావురా. ఆఖర్లో వాణ్ణి తాళ్ల మీదకి నెట్టి నాలుగు కొట్టావు. నేను లెక్కపెట్టా."

వుకాషిన్‌కు ఆ నాలుగు దెబ్బలు గుర్తులేవు. గుర్తున్నదల్లా ఆఖరి రౌండ్‌లో ఓబ్రెన్ ఎడమ చేయి దవడకు తగలడం, తర్వాత గంట మోగడం. మధ్యలో ఏమీ లేదు. తను ఓడిపోయాడని, తండ్రి తన మనసు నొప్పించలేక ఆ నాలుగు దెబ్బలు కల్పించాడని అతని నమ్మకం. బెల్టు మీద అతనికి పెద్ద ఆశ లేదు. తండ్రి అబద్ధం చెప్పి పోయాడా లేదా అన్నది తేల్చుకోవాలని ఉంది. దానికి ఓబ్రెన్‌తో రేపు మళ్లీ జరిగే పోటీ తప్ప వేరే దారి కనిపించలేదు.

మొదట వచ్చింది జోర్కా. వీధి చివర రొట్టెల దుకాణంలో కూర్చుంటుంది. మంచి మనిషే గానీ విన్నమాట ఆవిడ నోట్లో నానదు. గుమ్మంలో ఉన్న తనాసియెను కిందికీ మీదికీ చూసింది.

"నువ్వేంటి ఇక్కడ? యజమాని ఏడీ?"

బరువు ఎక్కువుందని తెలిస్తే ఆ మాట గంటలో వంతెన దాటుతుందని తనాసియెకు తెలుసు. "లోపల పడుకున్నాడు," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"పండగ పూటా? ఎందుకూ?"

"ఏం లేదులే. ఊరికే."

అంతలో దెసాంక గోధుమల గిన్నెతో వచ్చింది. ఉల్లిపాయల వల్ల కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. "ఏం చెప్పమంటావ్ జోర్కా," అంది. "మా ఆయనే ఉంటే ఇవాళ ఇల్లు ఇలా ఉండేదా?" అనేసరికి ఉల్లిపాయలతో పనిలేకుండానే కన్నీళ్లు వచ్చాయి.

జోర్కా గోధుమలు నోట్లో వేసుకుని, శిలువ గుర్తు వేసుకుని, కోటు విప్పడానికి వెనక గదిలోకి వెళ్లింది. మా ఇళ్లల్లో ఎంతమంది వచ్చినా కోట్లు పడేసేది వెనక గది మంచం మీదే. ఆ మంచం మీద ఇవాళ మనిషి ఉన్నాడని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మూడు రజాయిల మధ్య నుంచి సున్నం కొట్టినట్టున్న మొహం ఒకటి కనిపించింది. నుదుటి మీద చెమట కాలువలు కడుతోంది. ఆ మొహం గిన్నె మీదకి వంగి ఉమ్మింది.

"అయ్యో నాయనా! ఏమైందిరా నీకు?"

నోరు తెరిస్తే ఊరిన ఉమ్మంతా మింగాల్సి వస్తుంది. వుకాషిన్ పెదవులు బిగించి, ఏం లేదు వెళ్లమన్నట్టు చెయ్యి ఊపాడు. జోర్కా కళ్లకు అది చివరి వీడ్కోలులా కనిపించింది. కోటు అతని కాళ్ల మీద మెల్లగా కప్పి బయటికొచ్చేసింది. కూర తినలేదు. చలిలో కోటు మరిచి వెళ్లిందంటే ఆవిడ ఎంత కంగారు పడిందో ఊహించుకోవచ్చు.

పండగ రోజు మా ఊళ్లో ఎవరూ ఒక ఇంటితో ఆగరు. ఇక్కడ గోధుమలు, అక్కడ చేప, ఇంకోచోట పండ్ల సారా రాకియా. వార్త కూడా అలాగే ఇల్లిల్లూ తిరుగుతూ బలిసింది. మొదటి ఇంట్లో వుకాషిన్‌కు జ్వరం. రెండో ఇంట్లో నిమ్ము చేసింది. మూడో ఇంట్లో గిన్నెలోకి రక్తం కక్కుతున్నాడు. వంతెన దాటేసరికి వైద్యులు పెదవి విరిచారు. ఇంకా ముందుకెళ్లి ఓబ్రెన్ ఇంటి గుమ్మంలో ఎవరో పెద్దమనిషి గోధుమలు నములుతూ కారణం కూడా చెప్పేశాడు: "మార్చిలో మన వాడు కొట్టిన ఎడమ చేతి దెబ్బ ఇప్పుడు తిరగబెట్టిందట. ఇంకేం పోటీ? పాపం, రాదోయ్ పోయి ఏడాదైనా కాలేదు."

ఓబ్రెన్ మెట్ల కింద కూర్చుని, ఉమ్ము ఊరడానికి నిమ్మకాయ ముక్క చప్పరిస్తున్నాడు. అతనికీ అదే తూకం, అదే పండగ. నాలుగు రోజులుగా తిండి సరిగ్గా తినలేదు. ఆ మాట విని నిమ్మకాయ కింద పెట్టి తన ఎడమ చేతికేసి చూసుకున్నాడు. బాధ కలిగితే అన్నం ముట్టనివాళ్లు కొందరు. బాధ కలిగితే తినేవాళ్లు ఇంకొందరు. ఓబ్రెన్ రెండో రకం. పోటీ ఎలాగూ లేదని తల్లి కంచం ముందు పెట్టింది. అతను చేప తిన్నాడు, కూర తిన్నాడు, మళ్లీ చేప తిన్నాడు, రొట్టెతో కంచం తుడిచాడు. తింటున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడని వాళ్ల అమ్మ తర్వాత చెప్పింది.

తిన్నాక లేచి, "నేను వాళ్లింటికెళ్లొస్తా," అన్నాడు. రోగిని చూడబోతే పండ్లు తీసుకెళ్లాలి. పండగకెళ్తే సారా సీసా తీసుకెళ్లాలి. ఏది సరైనదో తేల్చుకోలేక రెండూ పట్టుకుని బయల్దేరాడు.

ఈలోగా దెసాంక ఇల్లు నిండిపోయింది. మామూలుగా వచ్చేవాళ్లు సగం, మంచం పట్టిన మనిషిని చూడ్డానికొచ్చినవాళ్లు సగం. అయినా నేరుగా అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఒకామె తేనె సీసా తెచ్చింది. ఒకాయన బాతు కొవ్వు తెచ్చి, ఛాతీకి పట్టించమని దెసాంక చెవిలో చెప్పాడు. మగాళ్లంతా వరసగా వచ్చి తనాసియె చేయి నొక్కసాగారు.

"ధైర్యంగా ఉండు తనాసియె."

పోటీ గురించేననుకున్నాడు తనాసియె. "ధైర్యానికేం లోటు? రేపు సాయంత్రానికల్లా తేలిపోతుంది."

అవతలాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "రేపేనా?"

"మరింకెప్పుడు? తొమ్మిది నెలలు ఆగాంగా, ఇంకా ఎన్నాళ్లాగుతాం!"

ఆ మనిషి ఒక్క గుక్కలో రాకియా తాగేసి గోడకేసి తిరిగి నిలబడ్డాడు. వచ్చినవాళ్ల కోట్లన్నీ వెనక గదిలో మంచం మీద పడుతూనే ఉన్నాయి. తలుపు సందులోంచి వాటిని గిరాటేసి, కళ్లు తుడుచుకుంటూ వెనక్కి వస్తున్నారు. గుట్ట పెరుగుతుంటే తనాసియె లోలోపల సంతోషించాడు. ఎన్ని కోట్లైతే అంత చెమట.

ఫాదర్ సావా ఒంటిగంటకు ఒగరుస్తూ వచ్చాడు. ఆ రోజు ఆయన రొట్టెలు కోయాల్సిన ఇళ్లు చాలా ఉన్నాయి. అన్నీ వదిలేసి, దారిలో గుడికెళ్లి రోగులకు పూసే పవిత్ర తైలం తీసుకుని మరీ వచ్చాడు. రొట్టె వైపు చూడకుండా నేరుగా వెనక గదిలోకి నడిచాడు. అందరూ వెనకే వెళ్లారు. మంచం మీద కోట్ల గుట్ట తప్ప ఏమీ కనిపించలేదు. మనిషి ఏ మూల ఉన్నాడో తెలియక ఫాదర్ గుట్ట మధ్యలో చేయి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. ఆడవాళ్లు ముక్కులు ఎగబీల్చారు.

గుట్ట కదిలింది. ఒక బొచ్చుకోటు పక్కకి జారింది. చెమటతో తడిసిన తల బయటికొచ్చి, "వచ్చారా ఫాదర్? రొట్టె కోద్దామా?" అంది.

జోర్కా కెవ్వున అరిచింది. కోటు కోసం తిరిగొచ్చి, అప్పుడే గుమ్మంలో అడుగు పెట్టింది పాపం.

"నీకు... బాలేదన్నారే?" అన్నాడు ఫాదర్ తైలం సీసా జేబులో దాచుకుంటూ.

"ఎవరన్నారు? నాకేం? గుండ్రాయిలా ఉన్నా."

"వాడికి బాలేకపోవడమేంటి?" అని తనాసియె ఇంకా ఏదో అనబోయాడు. అప్పుడే ముందు గదిలో చప్పుడు ఆగిపోయింది. గుమ్మంలో ఓబ్రెన్ నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో యాపిల్ పండ్లు, ఇంకో చేతిలో సీసా.

అవతలి ఒడ్డు మనిషి ఆ గడప తొక్కడం మార్చి తర్వాత అదే మొదలు. అయినా కొవ్వొత్తి వెలుగుతుండగా వచ్చినవాడు అతిథే. దెసాంక గిన్నె పట్టుకుని ఎదురెళ్లింది. ఓబ్రెన్ గోధుమలు నోట్లో వేసుకుని, ఆ చెంచా ఇంకా నోట్లో ఉండగానే, కోట్ల మధ్య నిక్షేపంగా నిలబడ్డ వుకాషిన్‌ను చూశాడు.

తనాసియె మాత్రం ఓబ్రెన్ పొట్ట చూశాడు. "నువ్వు తిన్నావా?" అన్నాడు. గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు.

"తిన్నాను. పోటీ లేదన్నారుగా." ఓబ్రెన్ మెల్లగా చెంచా తీశాడు. అతని మొహం ఎర్రబడింది. "ఓహో. అదా సంగతి. పోతున్నావని ఊరంతా చాటించి, నేను తినేదాకా దుప్పట్లో దాక్కున్నావా? పునీతుడి కొవ్వొత్తి ముందరా? నేను నీకోసం ఏడ్చానురా, చేప తింటూ కూడా ఏడ్చాను!"

తప్పు తనది కాదని చెప్పాలంటే ఎవరిదో చెప్పాలి. ఎవరిదో వుకాషిన్‌కు తెలియదు. జోర్కా గోడ మీది పునీతుడి పటం కేసి చూస్తూ ఉండిపోయింది.

"అరవకు బాబూ," అంది దెసాంక. "తిట్టదలుచుకుంటే కొవ్వొత్తి ఆరాక తిట్టు. ఫాదర్, రొట్టె సంగతి చూడండి. పొద్దుట్నించీ అలాగే ఉంది."

రొట్టె కోయాలంటే ఇద్దరు కావాలి. అడుగున శిలువలాగా కోసి, ద్రాక్షసారా పోసి, యజమానీ ఇంకొకరూ చెరో పక్కా పట్టుకుని పాటతో పాటు తిప్పి రెండుగా విరుస్తారు. ఎవరి చేతిలో పెద్ద ముక్క మిగిలితే ఆ ఏడాది అదృష్టం వాళ్లది. రాదోయ్ ఉండగా తండ్రీకొడుకులే విరిచేవాళ్లు. ఇప్పుడు వుకాషిన్ ఎదుట ఎవరూ లేరు. ఫాదర్ సావా ఒక్క క్షణం అటూ ఇటూ చూసి ఓబ్రెన్ మోచేయి పట్టుకుని ముందుకు తోశాడు.

"నువ్వు పట్టుకో నాయనా. అతిథివేగా."

బాక్సింగ్‌లో వేళ్లు వంకరపోయిన రెండు జతల చేతులు ఆ రొట్టెను పట్టుకున్నాయి. ఫాదర్ పాడాడు. రొట్టె తిరిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా విరిచారు.

"మనవాడిదే పెద్దది!" అన్నారు ఇటు ఒడ్డువాళ్లు.

"కళ్లున్నాయా? ఓబ్రెన్ చేతిలోది చూడండి!" అన్నాడు ఓబ్రెన్ వెంట అటు ఒడ్డు నుంచి వచ్చిన ఒకే ఒక్క బంధువు, ప్రాణాలకు తెగించి.

ఇంకాస్త ఆలస్యమైతే పండగ ఇంట్లోనే పోటీ జరిగేది. తనాసియె వంటింట్లోంచి పిండి తూచే చిన్న త్రాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక ముక్క పెట్టి చూశాడు, తీసి రెండోది పెట్టి చూశాడు, మళ్లీ మొదటిది పెట్టి కళ్లజోడు తుడుచుకుని చూశాడు. ఫాదర్ వంగి చూశాడు. జోర్కా వంగి చూసింది.

"సమానం," అన్నాడు తనాసియె నీరసంగా.

మొదట నవ్వింది దెసాంక. పెనిమిటి పోయాక ఆ ఇంట్లో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. తర్వాత అందరూ నవ్వారు, ఓబ్రెన్‌తో సహా.

నవ్వు తగ్గాక తనాసియె వుకాషిన్‌ను పక్కకి లాగి చెవి దగ్గర గుసగుసలాడాడు. "వాడు కిలోకి తక్కువ కాకుండా తినేశాడు. తూకంలో తప్పుతాడు. ఇక రేపు వాడు గెలిచినా బెల్టు వాడిది కాదు, నువ్వు గెలిస్తే నీది. మన చేతికి మట్టి అంటకుండా వచ్చిందిరా! నోరు మూసుకుని మళ్లీ పడుకో."

"వద్దు బాబాయ్."

"ఏంటి వద్దు? తినమని మనం చెప్పామా?"

"మనింట్లోంచి వెళ్లిన మాట విని తిన్నాడు. వాణ్ణి కాటా మీద గెలిచి నేనేం తెలుసుకుంటాను? మా నాన్నకేం చెప్పను?" ఆ మాట గుసగుసగా మొదలై, అయ్యేసరికి గదంతా వినపడింది. వుకాషిన్ ఓబ్రెన్ వైపు తిరిగాడు. "తూకానికింకా రెండు గంటల పైనే ఉంది. పరిగెత్తగలవా?"

"ఈ పొట్టతోనా?"

"నా కడుపులోనూ ఇప్పుడు ద్రాక్షసారాలో తడిపిన రొట్టె పడింది. అమ్మ చెంచాడు గోధుమలు కూడా తినిపించేసింది. పద."

చెమట పట్టాలంటే బట్టలు కావాలి. మంచం మీద చేతికందిన కోట్లు అందినట్టే వేసుకున్నారు. ఒకరి మీద ఒకటి, మూడేసి. ఓబ్రెన్ అన్నింటికన్నా పైన జోర్కా కోటు తొడిగాడు. ఇద్దరూ మంచులో మొరావా గట్టు పట్టారు.

యజమాని వెళ్లిపోయాడు. కొవ్వొత్తి దగ్గర నిలబడక తనాసియెకు తప్పలేదు. కోట్లు నది గట్టున పరిగెడుతుంటే వాటి తాలూకు అతిథులు ఆ చలిలో గడప దాటి వెళ్లే మార్గం లేదు, వాళ్లను వదిలి మిగతావాళ్లూ కదల్లేదు. వేరే ఇళ్లకు పోవాల్సినవాళ్లంతా కూర్చుని తినడమే పనిగా పెట్టుకున్నారు. రాదోయ్ బతికున్నప్పుడు కూడా ఆ ఇంట్లో అంత నిండు పండగ జరగలేదు. తనాసియె వడ్డించాడు, పోశాడు, కాళ్లు మార్చి మార్చి నిలబడ్డాడు. కూర్చోబోతే దెసాంక ఒక్క చూపు చూసేది.

గట్టు మీద ఓబ్రెన్ రెండుసార్లు ఆగి చెట్టు పట్టుకున్నాడు, మళ్లీ పరిగెత్తాడు. పాత మిల్లు దాటాక వుకాషిన్ అన్నాడు: "ఒకటి చెప్పాలి. మార్చిలో గెలిచింది నువ్వే."

"ఏంటీ?"

"ఆగకు, చల్లారిపోతావ్. నీ ఎడమ చేయి తగిలాక నాకేం గుర్తులేదు. గంట మోగేసరికి నిలబడి ఉన్నా, అంతే. నేను ఓడిపోయా. ఎవరికీ చెప్పలేదు."

ఓబ్రెన్ ఆగకూడదని తెలిసీ ఆగాడు. మూడు కోట్లలో పొగలు కక్కుతూ అతన్ని తేరిపార చూశాడు.

"నీకు పిచ్చా? ఆ దెబ్బ తిన్నాకే కదరా నువ్వు నన్ను తాళ్ల మీదకి నెట్టావ్! నాలుగు కొట్టావ్. నాలుగోదానికి నా పక్కటెముక చిట్లింది. గంట ఇంకాస్త ఆలస్యమైతే నేను కింద పడేవాణ్ణి. ఓడింది నేను. తొమ్మిది నెలల్నుంచీ నాకు నిద్రలేదు."

"నాలుగా?"

"నాలుగు. లెక్కపెట్టుకున్నా. తిన్నవాడికి తెలీదా?"

వుకాషిన్ నదికేసి తిరిగి, చెమటా కన్నీళ్లూ కలిసిపోయిన మొహాన్ని ఎవరిదో బొచ్చుకోటు చేతికి తుడుచుకున్నాడు. నాన్న కల్పించలేదు. చూసింది చూసినట్టు చెప్పాడు. ఆ సంగతి తెలుసుకోవడానికి రేపటి పోటీ అక్కర్లేకపోయింది. అయినా ఇద్దరూ మళ్లీ పరుగందుకున్నారు.

నాలుగింటికి క్రీడాభవనం చూడాల్సిందే. బెల్‌గ్రేడ్ నుంచి వచ్చిన అధికారిని కాపలావాడు తన ఇంటికి లాక్కెళ్లి భోజనం పెట్టాడు. ఆయన కాటా పక్కన కునికిపాట్లు పడుతున్నాడు. కోట్లు లేని అతిథులు రజాయిలు కప్పుకుని వచ్చారు. వుకాషిన్ తూకం సరిపోయింది. ఓబ్రెన్‌ది వెంట్రుకవాసి ఎక్కువ చూపించింది. ఉన్న ఒక్క లాగూ కూడా విప్పాలంటే చాటు కావాలి. జోర్కా తన రజాయి తీసి తెరలా పట్టుకుని, ఆ రోజంతా చేసినదానికి ప్రాయశ్చిత్తంగా గట్టిగా కళ్లు మూసుకుంది. ముల్లు సరైన చోట ఆగింది. రెండు ఒడ్లవాళ్లూ కలిసి కేకలు వేస్తే అధికారికి మెలకువ వచ్చింది.

మర్నాటి పోటీ గురించి మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇద్దరూ దాచుకోకుండా కొట్టుకున్నారు. ఒక జడ్జి ఇతనన్నాడు. ఇంకొకడు అతనన్నాడు. మూడోవాడు చాలాసేపు కాగితం చూసి, సమానం అన్నాడు. ఊరంతా చప్పట్లు కొట్టి, న్యాయమైన మాటేనని ఒప్పుకుని, మంగలి దుకాణంలో ప్రశాంతంగా గడ్డం గీయించుకోవడం మొదలుపెట్టింది.

ఒప్పుకోనిది వాళ్లిద్దరే. ఆ వారమంతా ఓబ్రెన్ వంతెన దాటి రావడం, దెసాంక వంటింట్లో బల్ల దగ్గర కూర్చోవడం, ఇద్దరూ గొంతులు చించుకోవడం.

"ఐదో రౌండ్‌లో నువ్వు కళ్లు తేలేశావ్!"

"నేనా? ఎనిమిదిలో నిన్ను తాళ్ల దగ్గర ఆరు కొట్టా! నేనే గెలిచా. లెక్కపెట్టా!" అన్నాడు వుకాషిన్ బల్ల మీద చరిచి.

పొయ్యి దగ్గర ఉన్న దెసాంక గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ గొంతు, ఆ బల్ల మీద చరుపు అచ్చం రాదోయ్‌వే. ఆవిడ ఇద్దరి కంచాల్లోనూ ఇంకో ముక్క చేప వేసింది.

మూడో పోటీకి తేదీ పెట్టేముందు, ఆ రోజు మా ఊళ్లో ఎవరింటి పండగా లేదు కదా అని బెల్‌గ్రేడ్ వాళ్లు దెసాంకకు ఫోన్ చేశారు.